అచ్చు చేయించే ముందు దిండు ఎత్తు సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ. తెనాలిలో మీకు పరుపుల దుకాణం ఉంది. నాన్నగారి కాలం నుంచి పత్తి దిండ్లు, బూరుగు దూది దిండ్లు కుట్టించి అమ్ముతున్నారు. మెడనొప్పి అంటూ వచ్చేవాళ్లు ఎక్కువవుతున్నారు కాబట్టి మెమరీ ఫోమ్‌తో (నొక్కితే దిగి, వదిలితే నెమ్మదిగా లేచే ఫోమ్), అలల ఆకారంలో, 12 సెంటీమీటర్ల ఎత్తు దిండు ఒకటి సొంత బ్రాండ్ మీద తేవాలనుకుంటున్నారు. దాన్ని పోయడానికి అచ్చు (మోల్డ్) మీద డబ్బు పెట్టవచ్చా, ఆ ఎత్తు సరిపోతుందా, పెట్టె మీద "స్పాండిలైటిస్ తగ్గిస్తుంది" అని వేసుకోవచ్చా?

మూడింటికీ వద్దనే చెబుతాను. కానీ ఎందుకు వద్దో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఫోమ్ ఉత్పత్తుల డిజైన్‌లో చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు ఫిజియోథెరపిస్టులతో కలిసి దిండ్లు, సీటు కుషన్లు తయారు చేయిస్తుంటాను.

ముందు దిండు పనేమిటో చూద్దాం. పెద్దవాళ్ల తల బరువు సుమారు 4 నుంచి 5 కేజీలు. మెడలో ఏడు వెన్నుపూసలు ఉంటాయి, అవి ముందుకు కొద్దిగా వంగిన విల్లులా అమరి ఉంటాయి. పగలంతా ఆ బరువును మెడ కండరాలు మోస్తాయి. రాత్రి ఆ పని దిండుది. నిలబడ్డప్పుడు తల, మెడ, వీపు ఏ వరుసలో ఉంటాయో పడుకున్నప్పుడు కూడా దాదాపు అదే వరుసలో ఉంచడం, అలా ఆరేడు గంటలు ఉంచడం. వెల్లకిలా పడుకుంటే మెడ కింద చిన్న ఖాళీ, తల వెనక ఇంకా చిన్న ఖాళీ పూడ్చాలి. పక్కకు తిరిగితే భుజం వెడల్పు మేర చెవికీ పరుపుకీ మధ్య పెద్ద సందు ఏర్పడుతుంది, దాన్ని పూడ్చాలి. ఒకే మనిషికి ఈ రెండు భంగిమల్లో కావలసిన ఎత్తు తేడా 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. మన వాళ్లు రాత్రంతా ఒకే పక్క మీద పడుకోరు, తిరుగుతూనే ఉంటారు. దిండు డిజైన్‌లో కష్టమంతా ఇక్కడే ఉంది. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇప్పుడు మీ 12 సెంటీమీటర్ల సంగతి. ఆ 12 ఎప్పటి కొలత? దుకాణంలో అలమారలో ఉన్నప్పటిదా, తల పెట్టాక మిగిలినదా, తెల్లవారుజామున నాలుగు గంటలకు మిగిలినదా? ఈ మూడూ వేరువేరు. బాగా కూరిన పత్తి దిండు తల పెట్టినా పెద్దగా దిగదు. అదే ఎత్తున్న రెక్రాన్ (పాలిస్టర్ పీచు) దిండు సగానికి దిగిపోతుంది. మెమరీ ఫోమ్ మొదట ఆపుతుంది, తర్వాత నెమ్మదిగా కరిగినట్టు దిగుతుంది. పెట్టె మీద అందరూ వేసేది అలమార కొలతే. మీరు డిజైన్ చేయాల్సింది మాత్రం తల కింద మిగిలే ఎత్తును.

దానికి లేబొరేటరీ అక్కర్లేదు. గుండ్రటి అడుగున్న స్టీలు గిన్నె తీసుకుని ఇసుకో నీళ్లో పోసి మొత్తం బరువు 5 కేజీలు చేయండి. దిండు మధ్యలో పెట్టండి. పెట్టగానే ఒకసారి, పావుగంటకు ఒకసారి, రాత్రంతా ఉంచి పొద్దున ఒకసారి గిన్నె అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. గిన్నె తీశాక దిండు ఎంతసేపటికి, ఎంతవరకు లేస్తుందో రాసుకోండి. మీ దుకాణంలో ఉన్న అన్ని రకాల దిండ్లకూ ఇది చేసి చూడండి. పావుగంట కొలతకూ పొద్దుటి కొలతకూ మధ్య సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వచ్చిందంటే ఆ సరుకును మెడకు ఆసరా అని అమ్మడం నాకైతే ఇష్టం ఉండదు.

ఇక మనిషి కొలత. గోడకు పక్కగా నిలబెట్టి, భుజం గోడకు ఆనించి, తల నిటారుగా పెట్టమనండి. గోడకూ తల పక్క భాగానికీ మధ్య దూరం కొలవండి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పూడ్చాల్సిన సందు దాదాపు అంత. అందులోంచి భుజం పరుపులోకి దిగే మేర తీసేయాలి. ఉదాహరణకు గోడ దగ్గర 13 సెంటీమీటర్లు వచ్చి, పరుపులో భుజం 3 దిగితే దిండు బరువు కింద 10 సెంటీమీటర్లు ఉండాలి. ఇది మొదటి అంచనా మాత్రమే. పక్కకు తిరిగినప్పుడు భుజం కొంచెం ముందుకూ పైకీ జరుగుతుంది కాబట్టి పడుకోబెట్టి చూసి సరిచేయాలి. సరిచూడటం తేలిక. పక్కకు పడుకున్న మనిషి ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీయండి. ముక్కు కొస, గడ్డం, గొంతు కింద గుంట, ఈ మూడూ ఒకే గీత మీద, పరుపుకు సమాంతరంగా ఉండాలి. వెల్లకిలా ఉన్నప్పుడు పక్క నుంచి తీయండి. నుదురు, గడ్డం దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. గడ్డం ఛాతీ వైపు వంగితే దిండు ఎక్కువ ఎత్తు, గడ్డం పైకి లేస్తే తక్కువ. దిండు ఎక్కువ ఎత్తయితే మెడ వంగి గొంతులో గాలి దారి కూడా ఇరుకవుతుంది, గురక పెట్టేవాళ్ల విషయంలో ఇది కూడా గమనించండి.

పరుపు విషయం ఎందుకు ఎత్తానంటే, బయటి దేశాల కొలతలు తెచ్చి ఇక్కడ దిండ్లు చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే. ఆ దిండ్లు మెత్తటి, మందపాటి పరుపును దృష్టిలో పెట్టుకుని చేసినవి. అందులో భుజం బాగా దిగుతుంది కాబట్టి తక్కువ ఎత్తు చాలు. మన దగ్గర గట్టి కొబ్బరి పీచు పరుపు మీద పడుకునేవాళ్లు చాలామంది. బొంత పరుచుకుని నేల మీద పడుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ భుజం అసలు దిగదు. అదే మనిషికి పక్కకు తిరిగితే ఎక్కువ ఎత్తు కావాలి. మళ్లీ నవారు మంచం కథ వేరు. నవారు వదులైతే నడుము, వీపు కిందికి దిగి తల దగ్గర పైకి లేచి ఉంటుంది, ఆ మంచం మీద ఎత్తు దిండు వేస్తే మెడ రెండు వైపుల నుంచీ వంగుతుంది. కాబట్టి దిండు కొనడానికి వచ్చిన వాళ్లను ముందు అడగాల్సింది "మీ పరుపు ఏంటి?" అని. ఈ ప్రశ్న అడగడంలో పెద్ద ఆన్‌లైన్ కంపెనీల కంటే మీకే వెసులుబాటు ఎక్కువ, ఎందుకంటే ఆ పరుపు చాలాసార్లు మీరే అమ్మి ఉంటారు.

ఇన్ని తేడాలున్నప్పుడు ఒకే ఎత్తు దిండు అందరికీ ఎలా సరిపోతుంది? భుజాల వెడల్పులు ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు. మన దేశంలో శరీర కొలతలు కావాలంటే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లో ప్రచురించిన దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకం ఉంది. డిజైనర్లు ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు. అందులోని పట్టికలు చూస్తే ఒక్క సైజు ఆలోచన మీరే మానుకుంటారు.

అందుకే నా సలహా పొరల దిండు. అడుగున 6 సెంటీమీటర్ల గట్టి కోర్ (ఎత్తును మోసే ముఖ్య భాగం), దాని మీద ఒకటిన్నర నుంచి 2 సెంటీమీటర్ల పొరలు రెండో మూడో, అన్నీ జిప్ ఉన్న లోపలి సంచీలో. కొన్నవాళ్లు ఇంటికి వెళ్లి ఒక పొర తీసి చూస్తారు, మళ్లీ పెడతారు, వారంలో తమకు ఏది సరిపోతుందో వాళ్లకే తెలుస్తుంది. పొరలు జారిపోకుండా సంచీ లోపల గుడ్డ అరలు కుట్టించండి, లేకపోతే నాలుగు రోజుల్లో అన్నీ ఒక మూలకు చేరతాయి. దీనికి అచ్చు అవసరమే లేదు. ఫోమ్ షీట్లు కోయించుకుంటే చాలు. అలల ఆకారమే కావాలన్నా బ్లాకులోంచి కంటూర్ కటింగ్ మెషిన్ మీద కోసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. అచ్చు అంటే ఒక ఎత్తుకూ ఒక ఆకారానికీ డబ్బు కట్టేయడమే. కొన్నవాళ్లు ఏం చెబుతారో తెలియకముందే ఆ పని ఎందుకు?

అలల ఆకారం గురించి కూడా ఒక మాట. చూడగానే "ఇది మెడకు మంచిది" అనిపిస్తుంది, అమ్మడం సులువు. మెడ కింద ఉబ్బు, తలకు పల్లం ఉండటం వెల్లకిలా పడుకునేవాళ్లకు నిజంగానే కొంత సుఖం. కానీ పక్కకు తిరిగేవాళ్లకు అది పెద్దగా కలిసొస్తుందని రుజువు కనబడదు. 2009లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో పక్కకు తిరిగి పడుకునే అలవాటున్న వంద మందికి పైగా వ్యక్తులకు పాలిస్టర్, మామూలు ఫోమ్, అలల ఫోమ్, ఈకలు, లేటెక్స్ (రబ్బరు ఫోమ్) దిండ్లను ఒక్కో వారం చొప్పున ఇచ్చి చూశారు. నిద్ర లేవగానే ఉండే నొప్పుల విషయంలో లేటెక్స్ ముందు నిలిచింది, ఈకల దిండు అన్నిటికంటే వెనకబడింది. అలల ఫోమ్‌కు మామూలు ఫోమ్ మీద ప్రత్యేకంగా పైచేయి ఏమీ కనిపించలేదు. నా అనుభవం కూడా అదే చెబుతుంది. ఆకారం కంటే ఎత్తు ముఖ్యం, ఎత్తు ఎంత ముఖ్యమో అది పొద్దుటిదాకా నిలబడటం అంత ముఖ్యం.

మధ్యలో పల్లం, రెండు పక్కలా ఎత్తు ఉండే డిజైన్ సిద్ధాంతం ప్రకారం ఇంకా మంచిది. వెల్లకిలా ఉంటే మధ్యలో, తిరిగితే పక్క ఎత్తు మీద తల ఉంటుంది. కాకపోతే 60 సెంటీమీటర్ల వెడల్పులో ఈ మూడు భాగాలూ పట్టవు. నిద్రలో తిరిగిన తల గట్టు మీద సగం, పల్లంలో సగం ఆగుతుంది. చేస్తే 68, 70 సెంటీమీటర్ల వెడల్పులో చేయండి. మన గలేబుల సైజు ఎలాగూ 17×27 అంగుళాలు, అంటే సుమారు 43×69 సెంటీమీటర్లు. ఆ కొలతకు చేస్తే ఇంట్లో ఉన్న గలేబు పడుతుంది. అలల దిండ్లు కొన్నవాళ్లు చాలామంది వాటిని మూల పడేయడానికి ఒక కారణం గలేబు వదులుగా వేలాడటమే. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఇంట్లో అమ్మకు నచ్చకపోతే ఏ దిండూ మంచం మీద ఉండదు.

సరుకు ఎంపిక దగ్గరికి వద్దాం. మెమరీ ఫోమ్ 1966లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ చేసిన పనిలోంచి వచ్చింది, విమాన సీట్లలో దెబ్బ తగ్గించడానికి. దాని గుణమే వేడికి మెత్తబడటం, చలికి బిగుసుకోవడం. చల్లటి దేశాల్లో ఒంటి వేడి తగిలిన చోట మెత్తబడి ఆకారానికి ఒదుగుతుంది, అది దాని గొప్ప. మే నెలలో తెనాలిలో గది మొత్తం వేడిగా ఉంటుంది, అప్పుడు దిండు అంతా మెత్తబడి తల కిందికి దిగిపోతుంది. ఏసీ వేసి 22కి పెట్టుకుంటే అదే దిండు గట్టిపడుతుంది. రాత్రి కరెంటు పోతే ఎత్తు మారిపోతుంది. పైగా తల చుట్టూ మూసుకుపోయి గాలి ఆడదు, చెమట పడుతుంది. జెల్ కలిపామనే దిండ్లు మొదట కాసేపు చల్లగా తగులుతాయి, తర్వాత అవీ వేడెక్కుతాయి. అందుకని మెమరీ ఫోమ్ వాడదలిస్తే పైపొర ఒక్కదానికే వాడండి. మెత్తదనం అది ఇస్తుంది, ఎత్తును నిలబెట్టే పని కింది కోర్ చూసుకుంటుంది.

కోర్‌కు నా మొదటి ఎంపిక రబ్బరు పాల నుంచి చేసే లేటెక్స్. వేడికీ చలికీ పెద్దగా మారదు, నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది, సూది రంధ్రాలు ఉంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. కేరళలో రబ్బరు ఉంది కాబట్టి సరుకు దక్షిణాదిలోనే దొరుకుతుంది. ఇబ్బందులు రెండు. ఒకటి బరువు. 17×27 అంగుళాల దిండు 10 సెంటీమీటర్ల మందంతో, ఘనపు మీటరుకు 70 కేజీల సాంద్రత లెక్కన 2 కేజీలు దాటుతుంది. కొరియర్ ఖర్చులో తెలుస్తుంది, పెద్దవాళ్లకు గలేబు మార్చేటప్పుడూ తెలుస్తుంది. రెండోది నూనె. సహజ రబ్బరుకు నూనె పడదు. మన ఇళ్లలో తలకు కొబ్బరి నూనె రాసుకుని పడుకోవడం మామూలే. అది గలేబు దాటి లోపలికి దిగితే లేటెక్స్ జిగటగా మారి పొడిపొడి అవుతుంది. కాబట్టి దగ్గరి నేతతో ఉతకడానికి వీలైన లోపలి తొడుగు తప్పనిసరి, దాని మీద మళ్లీ గలేబు. లేటెక్స్‌ను ఎండలో వేయకూడదనీ, రబ్బరు పడనివాళ్లు వాడకూడదనీ చీటీ మీద రాయండి.

లేటెక్స్ ధర భరించలేమనుకుంటే మంచి హెచ్‌ఆర్ ఫోమ్ (హై రెసిలియన్స్, అంటే నొక్కి వదిలితే బాగా లేచే ఫోమ్) కోర్ వాడవచ్చు. ఇక్కడ డీలర్ల మాట జాగ్రత్తగా వినండి. "40 డెన్సిటీ అండీ, చాలా గట్టిది" అంటారు. డెన్సిటీకీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదు. డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కేజీలు తూగుతుందనేది, అది ఎక్కువగా మన్నికకు సూచన. గట్టిదనం వేరే పరీక్ష, ఐఎస్ఓ 2439 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఫోమ్‌ను 40 శాతం లోతుకు నొక్కడానికి ఎన్ని న్యూటన్ల బలం పట్టిందో చెప్పేది. 40 డెన్సిటీలో మెత్తటి ఫోమూ ఉంటుంది, 28లో గట్టిదీ ఉంటుంది. రెండు అంకెలూ అడగండి. మూడోది ఐఎస్ఓ 1856 కింద కంప్రెషన్ సెట్ రిపోర్టు. ముక్కను నొక్కిపెట్టి 70 డిగ్రీల వేడిలో 22 గంటలు ఉంచి, వదిలాక ఎంత మందం తిరిగి రాలేదో చూస్తారు. అది 10 శాతం దాటితే నేను దిండుకు తీసుకోను. రిపోర్టు ఇవ్వలేమన్న డీలర్ దగ్గర కొనవద్దు.

మీ దుకాణంలో ఉన్న బూరుగు దూదిని తీసిపారేయకండి. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సహజమైన మైనపు పూత ఉంటుంది, అందుకే తేలిక, చెమ్మ పీల్చదు, మన వేడికి హాయి. దాని లోపం అణిగిపోవడం. ఎండలో వేసి తట్టితే లేస్తుంది, అయితే పోగు పెళుసు కాబట్టి కొన్నేళ్లకు నలిగి పొడి అవుతుంది. పత్తి మాత్రం మళ్లీ ఏకించుకోవచ్చు. జిప్ పెట్టి, దూదిని తీసుకోవడానికీ నింపుకోవడానికీ వీలుగా కుట్టిన బూరుగు దిండు తక్కువ ధరలో మంచి సరుకవుతుంది. వెల్లకిలా పడుకునేవాళ్లకూ, బోర్లా పడుకునే అలవాటు మానలేని వాళ్లకూ పలచటి బూరుగు దిండే ఇస్తాను నేను. బోర్లా పడుకుంటే మెడ గంటల తరబడి ఒక పక్కకు తిరిగే ఉంటుంది, దాన్ని ఏ దిండూ సరిచేయలేదు. ఎత్తు తక్కువుంటే కనీసం వెనక్కు వంగకుండా ఉంటుంది.

వెన్నెముక అంటే మెడ ఒక్కటే కాదు కదా. పక్కకు పడుకున్నప్పుడు పై కాలు ముందుకు జారి నడుము మెలి తిరుగుతుంది. మోకాళ్ల మధ్య ఒక దిండు పెడితే తొడలు సమాంతరంగా ఉండి నడుముకు ఊరట. వెల్లకిలా పడుకునేవాళ్లకు మోకాళ్ల కింద. గర్భిణులకు ఇది బాగా పనికొస్తుంది. మీకు కోర్ కోయగా మిగిలే ఫోమ్ ముక్కలతోనే ఈ మోకాలి దిండ్లు చేయించవచ్చు, విడిగా అమ్ముకోవచ్చు.

వీపు గూనిగా వంగిన పెద్దవాళ్లు వస్తే పై లెక్కలేవీ పెట్టకండి. వాళ్లు పడుకుంటే తల పరుపుకు చాలా పైన ఉంటుంది. మెడకు మంచిదని తక్కువ ఎత్తు దిండు అంటగడితే తల వెనక్కు వాలి ఇబ్బంది పడతారు. వాళ్లకు తల హాయిగా ఆగే ఎత్తు ఎంతైతే అంత, భుజాల కింద నుంచే వాలుగా మొదలయ్యే దిండు ఇంకా మేలు.

అమ్మేటప్పుడు దిండును పిడికిలితో నొక్కి చూసే అలవాటు మాన్పించండి. దుకాణంలో ఒక కొబ్బరి పీచు పరుపు, ఒక మెత్తటి ఫోమ్ పరుపు పక్కపక్కన వేసి, ఇంట్లో ఏది ఉందో దాని మీద పది నిమిషాలు పడుకోబెట్టండి. దిండు అంచు భుజానికీ మెడకూ మధ్య సందులో ఉండాలి. భుజం కూడా దిండు మీదికి ఎక్కించి పడుకునేవాళ్లు చాలామంది, అప్పుడు మనం లెక్కపెట్టిన ఎత్తంతా వృథా. ఆడవాళ్లయితే జడ వేసుకునే పడుకుంటారా అడగండి. మందపాటి జడ మెడ కిందికి వస్తే ఒక పొర తీసినా సరిపోతుంది. కొత్త దిండుకు మెడ అలవాటు పడటానికి వారం రెండు వారాలు పడుతుందని ముందే చెబితే మూడో రోజే వెనక్కి తెచ్చేవాళ్లు తగ్గుతారు.

పెట్టె మీద రాత సంగతి. "స్పాండిలైటిస్ తగ్గిస్తుంది" వద్దు. దిండు మంచిదైతే పొద్దున లేచేసరికి ఉండే పట్టు, బిగుతు కొందరికి తగ్గవచ్చు. అరిగిన డిస్కును అది బాగుచేయదు. పైగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారికే 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. "తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా ఎత్తు మార్చుకునే దిండు" అని రాయండి, అది నిజం కూడా. బరువు కింద ఎత్తు ఎంతో పొరల వారీగా పట్టిక వేయండి. ఆ పట్టిక పెట్టె మీద వేసేవాళ్లు తక్కువ, మీకు అదే ప్రచారం అవుతుంది. చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి చెప్పిన మనిషికి మాత్రం దిండు అమ్మకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి.

చివర్లో పసిపిల్లలకు ఆవాల దిండ్లు కూడా అదే బ్రాండ్ కింద చేద్దామా అని అడిగారు. తల గుండ్రంగా వస్తుందని మన ఇళ్లలో వాడతారు, అమ్ముడూ పోతాయి. కానీ ఏడాది లోపు పిల్లలకు ఏ దిండూ వద్దనేది పిల్లల డాక్టర్ల మాట, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. ఆ సరుకు జోలికి వెళ్లకండి. ముందు పొరల దిండ్లు ఒక ఇరవై చేయించి తెలిసినవాళ్లకు ఇవ్వండి, ఎవరు ఎన్ని పొరలు ఉంచుకున్నారో, వాళ్ల పరుపు ఏమిటో రాసుకోండి. ఆ కాగితం ఇక్కడ పెడితే సైజులు ఎలా పెట్టాలో కలిసి చూద్దాం.